చార్మినారు నీడలో ఒక పగలు

కడియం తోటల్లో పెరిగిన మొక్కలు లారీలకెక్కి హైదరాబాదు చేరడం నిత్యం జరిగే సంగతే. వ్యాపారం మీదనో, చుట్టపుచూపుగానో మనవారు కూడా ఆ నగరానికి తరచు పోతూనే ఉంటారు. కాని పనికాగానే తిరుగురైలు వేళ చూసుకుంటారు. చార్మినారును ఏ బస్సు కిటికీలోనుంచో చూసి, చూశామనిపించుకుంటారు. ఒక్క పగలు కేటాయించి కాలినడకన తిరగవలసిన పాతనగరమది. తోటపని తెలిసిన మన సీమవారికి అది మరింత బాగా అర్థమవుతుంది. ఎందుకంటే దానిని మొదట తోట వేసినట్లే వేశారు.

గోల్కొండ కోటలో జనం క్రిక్కిరిసి, నీటికి ఇబ్బంది కలిగిన కాలంలో, అయిదవ కుతుబ్ షాహీ సుల్తాను మహమ్మద్ కులీ 1591లో మూసీనది దక్షిణపు గట్టున ఈ నగరానికి పునాది వేశాడు. ఆయన మంత్రి మీర్ మోమిన్ ఇరాన్ దేశంలోని అస్తరాబాదునుంచి వచ్చినవాడు. తోటను నాలుగు భాగాలుగా చేసి, నడుమ నీటికుండం అమర్చడం ఇరానీ సంప్రదాయం. ఇక్కడ నాలుగు వీధులు కలిసేచోట చార్మినారు, దానికి ఉత్తరాన నాలుగు కమానులు, వాటి మధ్య నీటికుండం. పదిహేడవ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు తవేర్నియే ఈ ఊరిని బాగ్‌నగర్ అని వ్రాశాడు. బాగ్ అంటే తోట.

రాజమహేంద్రవరంలో రాత్రి రైలెక్కినవారు తెల్లవారేసరికి సికింద్రాబాదులో దిగవచ్చు. స్నానం, ఫలహారం ముగించుకొని అఫ్జల్‌గంజి చేరి, నయాపూల్ వంతెన మీద కాసేపు నిలవండి. క్రింద సన్నగా పారే మూసీని చూస్తే ఎవరికీ భయం కలుగదు. కాని 1908 సెప్టెంబరు 28న ఈ నదే పొంగి, వేలాదిమందిని పొట్టన పెట్టుకున్నది. 1953లోను, 1986లోను గోదావరి ఉగ్రరూపం చూసిన మనకు ఆ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఆ ప్రళయం తర్వాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలిశాయి. నదికి దక్షిణపు ఒడ్డున ఎర్రని హైకోర్టు భవనం 1919లో పూర్తయినది.

వంతెన దాటి కొద్దిదూరం నడిస్తే బాద్‌షాహీ ఆషుర్‌ఖానా వస్తుంది. కర్బలాలో అమరుడైన ఇమాం హుస్సేనును మొహర్రం దినాలలో స్మరించుకునే పవిత్రస్థలమిది. చెప్పులు విడిచి, నిశ్శబ్దంగా లోనికి పోవాలి. గోడలమీద పసుపు, నీలం, ఆకుపచ్చ వన్నెల మెరుగుపలకల పని 1611 నాటిది. పైభాగంలో పలకలు నేటికీ నిగనిగలాడుతున్నాయి. అడుగుభాగం వరదకు దెబ్బతిన్నది. ఆ చోట రంగులతో బొమ్మలు వ్రాసి సరిపెట్టారు. రెండింటికీ గల తేడా కంటికి ఇట్టే తెలుస్తుంది. పోయినదాని విలువ ఎంతటిదో ఆ ఒక్క గోడ చెబుతుంది.

అక్కడినుంచి దక్షిణంగా సాగితే పత్తర్‌గట్టి. వరద తర్వాత నగరాన్ని తీర్చిదిద్దినప్పుడు కట్టిన రాతి కమానుల అంగళ్లు. ముత్యాల వ్యాపారానికి ఈ బజారు పేరుపొందినది. సముద్రమే లేని ఊరిలో ముత్యాలేమిటని అడుగవచ్చు. గల్ఫు తీరంనుంచి వచ్చిన ముత్యాలకు ఇక్కడి పనివారు బెజ్జం వేసి, సరాలు గుచ్చారు. సరుకు ఎక్కడిదైనా పనితనం ఈ ఊరిది.

మచ్ఛీ కమాను దాటగానే గుల్జార్ హౌజ్ అనే నీటికుండం కనబడుతుంది. గుల్జార్ అంటే పూలతోట. ఇక్కడ నిలబడి నాలుగు వైపులా తిరిగి చూస్తే ఆనాటి ప్రణాళిక బోధపడుతుంది. పడమటి కమాను రాజమందిరాలకు దారి. ఆ మందిరాలు ఇప్పుడు లేవు. ద్వారం మాత్రం మిగిలింది.

ఇక చార్మినారు. గోల్కొండనుంచి మచిలీపట్నం రేవుకు పోయే వర్తకమార్గం ఈ కూడలిమీదుగానే సాగింది. మన గోదావరి సీమ కూడా కొంతకాలం ఆ ఏలుబడిలోనిదే. మహమ్మద్ కులీ దక్కనీ భాషలో కవిత్వం చెప్పిన రసికుడు. ఆయన తండ్రి ఇబ్రహీంను మన కవులు మల్కిభరాముడని కీర్తించారు. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. కట్టడం పై అంతస్తులో ఒక మసీదున్నది. నాలుగు ప్రక్కల గడియారాలు 1889లో అమర్చినవి. రాయి, సున్నమే గదా, దీనికేమి అవుతుందనుకోరాదు. 2019 మే నెలలో ఒక మినారు మీది గచ్చుపని కొంత ఊడి క్రిందపడ్డది. కట్టడానికీ కాలకాలానికి పోషణ కావాలి.

ప్రక్కనే ఉన్న మక్కా మసీదు కట్టడం పదిహేడవ శతాబ్దపు తొలినాళ్లలో కుతుబ్ షాహీల చేతిమీదుగా మొదలై, ఔరంగజేబు కాలంలో ఆ శతాబ్దం చివరకు ముగిసింది. ఆవరణలో పలువురు నిజాముల సమాధులున్నాయి. మధ్యాహ్నం చౌమహల్లా ప్రాసాదం చూడవచ్చు. శిథిలమవుతున్న ఆ మందిరాలను ఓపికగా బాగుచేసినందుకు 2010లో యునెస్కో పురస్కారం లభించింది. సంకల్పముంటే నిలుపుకోవచ్చుననడానికి అదే సాక్ష్యం. సాలార్‌జంగు మ్యూజియం ఒక్కపూటలో తెమిలేది కాదు. దానికి వేరొక రోజు పెట్టుకోవడం మేలు. శుక్రవారం ఈ రెండింటికీ సెలవు; మసీదులోనూ ఆనాడు సామూహిక ప్రార్థనలు జరుగుతాయి. కనుక మరొక దినం ఎంచుకోండి.

పొద్దువాలే వేళకు లాడ్‌బజారు చేరండి. ఏదైనా అంగడి వెనుక గాజులు చేసేచోటు చూపుమని అడగండి. నిప్పులమీద లక్కను మెత్తబరచి, సాగదీసి, గాజుగా చుట్టి, వేడి ఆరకముందే మెరుపురాళ్లను ఒక్కొక్కటే అద్దుతారు. చేయి తడబడితే గాజు చెడుతుంది. ఆలస్యమైతే లక్క గట్టిపడుతుంది. ప్రక్కనే యంత్రాలు చేసిన గాజులు అంతకంటె చౌకగా దొరుకుతాయి. బేరమాడడం బజారు మర్యాదే. అయితే అంటుమొక్కకు వెల కట్టేవాడు దానికి పట్టిన నెలలను లెక్కవేయకపోతే నర్సరీరైతు మనసు ఎంత నొచ్చుకుంటుందో కడియంవారికి తెలుసు. లక్కగాజుల పనివాని కష్టమూ అటువంటిదే.

రాతికట్టడాలను కాపాడడానికి ప్రభుత్వ శాఖలున్నాయి. చేతిపనిని కాపాడేది మాత్రం కొనేవాడే. కొనేవారు కరువైననాడు తండ్రి పని కొడుకు నేర్వడు. ఆషుర్‌ఖానా గోడ అడుగుభాగంవలె ఆ విద్యా చెరిగిపోతుంది. ఈసారి హైదరాబాదు వెళ్లినప్పుడు ఒక పగలు ఎక్కువ ఉండండి. మెల్లగా నడవండి. ఇంటిల్లిపాదికీ తెచ్చే గాజులలో ఒక జతైనా చేతితో చేసినది తెండి.