గవర్నమెంట్ ల్యాండే కదా బ్రో! లంబసింగి కొండల మీద ఆఫ్‌రోడింగ్ గొడవ

చలికాలం వచ్చిందంటే ఫీడ్ నిండా లంబసింగే. మంచు, టెంట్లు, బొంగు చికెన్. వాటితో పాటు మట్టి కొండ మీదకి థార్, జిమ్నీ, హిమాలయన్ ఎక్కించే రీల్స్. కింద కామెంట్స్‌లో ఒకటే గొడవ. ఒకరు "బండ్లన్నీ బ్యాన్ చేయాలి" అంటారు. ఇంకొకరు "గవర్నమెంట్ ల్యాండే కదా బ్రో, ఎవడబ్బ సొమ్ము?" అంటారు. ఈరోజు ఆ రెండో మాట సంగతి చూద్దాం.

నేను బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి ఇటు వచ్చినవాణ్ణి. అక్కడ ఒక చిన్న సూత్రం ఉంటుంది: ఫైల్ ఓపెన్ అయినంత మాత్రాన దాన్ని ఎడిట్ చేసే పర్మిషన్ మనకి ఉన్నట్టు కాదు. కొండ కూడా అంతే. గేటు లేదు, కంచె లేదు, బోర్డు లేదు. అయినా దానికి అడ్మిన్ ఉన్నాడు.

లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లా, చింతపల్లి మండలంలో ఉంది. ఐదో షెడ్యూల్ ప్రాంతం, అంటే ఏజెన్సీ. ఇక్కడ తారు రోడ్డు దిగితే మీ టైరు కింద ఉండేది మూడింట్లో ఒకటి. ఒకటి, రిజర్వ్ ఫారెస్ట్. అనుమతి లేకుండా అందులోకి వెళ్తే 1967 అటవీ చట్టం కింద కేసు అవుతుంది. రెండు, గిరిజన రైతు సాగు భూమి, పోడు పట్టా. వలిసెలు, రాగులు, రాజ్‌మా కోసేశాక చూస్తే మనకి ఖాళీ గడ్డి మైదానంలా ఉంటుంది. నిజానికి అది వచ్చే పంటకి ఆగిన పొలం. మూడు, ఊరంతా వాడుకునే కొండ. పశువులు, కట్టెలు, తేనె, ఊటనీళ్లు, అన్నీ అక్కడి నుంచే.

"ప్రభుత్వ భూమి" అనే మాటకి కూడా ఏజెన్సీలో అర్థం వేరు. 1/70 చట్టం ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకూడదు. బొర్రా ప్రాంతంలో మైనింగ్ లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. ప్రభుత్వం తన భూమిని కూడా ఇక్కడ గిరిజనేతరులకి లీజుకి ఇవ్వకూడదని చెప్పింది.

"మేం లీజు అడగట్లేదు కదా, అరగంట తిరిగి వెళ్లిపోతాం" అంటారా? కరెక్టే, తిరగడం వేరు, లీజు వేరు. అందుకే 2006 అటవీ హక్కుల చట్టం చూడాలి. ఊరి ఉమ్మడి అడవిలోకి రాకపోకల్ని నియంత్రించే అధికారం, అడవికి నష్టం చేసే పనిని ఆపే అధికారం గ్రామసభకి ఉందని సెక్షన్ 5 చెబుతుంది. అడ్మిన్ అన్నది వాళ్లనే.

అరగంటతో ఏం పోతుందో కూడా చూడండి. వాలు మీద తడి మట్టిలో చక్రం గిర్రున తిరిగితే గాడి పడుతుంది. వాన పడితే ఆ గాడే కాలువ. రెండు వానలకి బాట కోసుకుపోతుంది. అదే బాటలో కాఫీ పండ్ల బస్తా కిందికి రావాలి, పిల్లలు బడికి వెళ్లాలి. ఏజెన్సీలో ఇప్పటికీ రోడ్డు లేని ఊళ్ల నుంచి గర్భిణుల్ని డోలీలో మోస్తున్నారు. మనకి ఆఫ్‌రోడ్ వీకెండ్ సరదా, వాళ్లకి రోజూ ఉండే కష్టం.

ఈ కొండల్లో రోడ్డు గొడవ కొత్తది కాదు. వందేళ్ల కింద నర్సీపట్నం–లంబసింగి రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ చాలీచాలని కూలికి గిరిజనులతో చాకిరీ చేయించాడు. అటవీ చట్టాలు పోడునీ అడ్డుకున్నాయి. ఆ కోపం 1922 ఆగస్టు 22న అల్లూరి నాయకత్వంలో చింతపల్లి పోలీస్ స్టేషన్ దాకా వెళ్లింది. మనం కారులో ఎక్కే ఘాట్‌కి ఈ చరిత్ర ఉంది.

మరి బ్యాన్ చేసేద్దామా? నేను ఒప్పుకోను. టెంట్లు వేసే కుర్రాళ్లు, టీ కొట్టు అక్కలు, జీపు నడిపే అన్నలు ఈ సీజన్ మీదే నాలుగు రూపాయలు చూస్తారు. అమెరికాలో యూటా రాష్ట్రంలోని మోయాబ్ ఆఫ్‌రోడర్లకి తీర్థయాత్ర లాంటి ఊరు. అక్కడ 2023లో ప్రభుత్వం 317 మైళ్ల రూట్లు మూసేసింది. రైడర్ల సంఘాలు కోర్టుకెళ్లాయి. కానీ ఒకటి గమనించండి: అక్కడ ఏ రూటు ఓపెన్, ఏది క్లోజ్ అని మ్యాప్ ఉంది. 800 మైళ్లకి పైగా ఇంకా తెరిచే ఉన్నాయి. కొట్లాట మ్యాప్ మీద జరుగుతోంది. మన దగ్గర రైతు చేలో జరుగుతోంది.

కాబట్టి రైడర్లుగా మనం అడగాల్సింది "ఫ్రీగా వదలండి" అని కాదు. గ్రామసభ తీర్మానంతో ఒకటో రెండో రూట్లు గుర్తించాలి, వానల్లో మూసేయాలి, రుసుము ఊరికే చెందాలి, చివరి ఎత్తు లోకల్ జీపులో ఎక్కాలి లేదా నడవాలి. అప్పటిదాకా బండి తారు రోడ్డు దిగే ముందు అక్కడి పెద్దాయన్ని "బాబాయ్, ఇటు వెళ్లొచ్చా?" అని అడగండి. వద్దంటే వద్దే.

మీరేమంటారో కామెంట్స్‌లో రాయండి, తిట్టినా చదువుతాను. థార్ ఉన్న ఫ్రెండ్‌కి ఈ ఎపిసోడ్ పంపండి. ఉంటాను మరి.