పంచాయతీ తాళపుచెవులు ఎవరి యొద్ద ఉండవలెను?

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



పట్వారీ దఫ్తరు సంగతి మీలో పెద్దలకు తెలియును. 1980వ దశకములో ఆ పదవి రద్దగువరకు గ్రామ భూముల లెక్కలు ఒకరి ఇంటిలో, ఒకరి మూటలో ఉండెడివి. తన పొలము వివరము తెలిసికొనవలెనన్న రైతు ఆ ఇంటి అరుగుపై కూర్చుండవలసి వచ్చెడిది. నేడు మూటలు పోయి లెక్కలు కంప్యూటరులోనికి ఎక్కినవి. అయినను ఆ లెక్కల తలుపులు తెరచు పాస్‌వర్డులన్నియు ఒకరి ఫోనులోనే చేరినచో, మనము మరల ఆ పాత అరుగు చెంతకే వచ్చినట్లగును.

పంచాయతీ ప్రణాళికకును జమాఖర్చులకును ఏర్పడిన ఈ-గ్రామస్వరాజ్ 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైనది. దానికొక పాస్‌వర్డు. బ్యాంకు ఖాతాకొకటి. పంచాయతీ ఈమెయిలుకు వేరొకటి. ఈ ఈమెయిలును చిన్నచూపు చూడరాదు; పాస్‌వర్డు మరచితిమని నొక్కినప్పుడు కొత్తది పెట్టుకొనుటకు దారి పలుమార్లు ఆ ఈమెయిలుకే వచ్చును. అది ఎవరి చేతిలో ఉన్నదో తక్కిన తలుపులును వారి చేతిలో ఉన్నట్లే.

2024 ఫిబ్రవరిలో వెనుకటి పాలకవర్గముల గడువు ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చిరి. 2025 డిసెంబరు ఎన్నికలతో మీరు వచ్చితిరి. రెండేండ్లలోపల పాలన రెండు మారులు చేతులు మారినది. భవనపు తాళపుచెవి, తీర్మానముల పుస్తకము, రశీదు పుస్తకములు అప్పగించునప్పుడు పట్టీ వ్రాసికొందుము. పాస్‌వర్డులకు అట్టి పట్టీ ఎన్ని గ్రామములలో వ్రాసిరో మీరే చెప్పగలరు.

ఈ చిక్కునకు విరుగుడుగా పాస్‌వర్డు మేనేజరు అను సాధనము కలదు. పేరు కొత్తదేగాని వస్తువు మన షావుకార్ల ఇనప్పెట్టె వంటిదే. పాస్‌వర్డులన్నిటిని అది గూఢలిపిలోనికి మార్చి దాచును. పెట్టె తెరచుటకు ప్రధాన పాస్‌వర్డు ఒక్కటి జ్ఞాపకముండిన చాలును. ప్రతి ఖాతాకును వేరు వేరుగా, ఎవరును ఊహింపజాలని పొడుగైన పాస్‌వర్డులను అదియే కల్పించును. ఇంకొక మేలు కలదు. అది వెబ్‌సైటు చిరునామా సరిపోయినప్పుడు మాత్రమే పాస్‌వర్డు నింపును. కంటికి అచ్చముగా బ్యాంకు పేజీవలె తోచు నకిలీ పేజీలో నింపక ఊరకుండును. అట్లు ఊరకున్నప్పుడు చేతితో కొట్టబోక, ఆగి చిరునామా చదువవలెను.

ఏ మేనేజరును ఎన్నుకొనవలెను? కీపాస్ 2003 నుండి ఉన్న ఉచిత సాధనము. దాని పెట్టె మన కంప్యూటరులోనే ఒక ఫైలుగా ఉండును. ఇంటర్నెట్టు లేకున్నను పనిచేయును. అయితే ఆ కంప్యూటరు చెడిపోయిన పెట్టెయు పోవును గనుక, వేరొకచోట నకలు ఉంచు పూచీ మనదే. 2016లో వెలువడిన బిట్‌వార్డెన్ పెట్టెను ఇంటర్నెట్టు ద్వారా పలు ఫోనులకు చేర్చును. ఒక వ్యక్తి వాడుకకు ఉచితము. కార్యాలయములో కొన్ని పాస్‌వర్డులను కొందరికే పంచు వసతియు కలదు. ఆండ్రాయిడ్ ఫోనులలోని గూగుల్ మేనేజరు ఇంటి వాడుకకు సులభము. కాని అది ఒక వ్యక్తి గూగుల్ ఖాతాతో ముడిపడినది. ఆ వ్యక్తితోపాటు అదియు వెడలిపోవును గనుక పంచాయతీకి నేను దానిని సలహా ఇయ్యను.

ఎంత పేరున్న సంస్థయైనను కన్నుమూసికొని నమ్మరాదు. 2022లో లాస్ట్‌పాస్ అను ప్రసిద్ధ సంస్థ నుండి వాడుకరుల పెట్టెల నకళ్లను దొంగలు ఎత్తుకొనిపోయిరి. పాస్‌వర్డులు గూఢలిపిలోనే ఉండెను. ప్రధాన పాస్‌వర్డు బలహీనముగా ఉన్నవారికి మాత్రము అపాయము మిక్కుటమాయెను. పుట్టిన తేదీ పెట్టుదురు గదా! నూరు సంవత్సరములకు తేదీలు 36,525 మాత్రమే. కంప్యూటరుకు అవి లెక్కలోనివి కావు. చీట్లు తీసి, ఒకదానితో ఒకటి పొత్తులేని ఐదారు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములలో కూర్చుకొనుడు. పిల్లల పేరు, ఇలవేలుపు పేరు, ఊరి పేరు వలదు. ఆ మాటలను కాగితముపై వ్రాసి, కవరులో పెట్టి, లక్క ముద్రవేసి బీరువాలో ఉంచుట తప్పుగాదు. మనిషికి జబ్బు చేయవచ్చును, మరపు రావచ్చును.

మిర్యాలగూడ రైసుమిల్లు యజమానికిని కోదాడ దుకాణదారునకును ఇదే మాట. జి.ఎస్.టి. ఖాతా పాస్‌వర్డు గుమాస్తాకు మాత్రమే తెలిసిన వ్యాపారము, గుమాస్తా పని మానిన నాడు స్తంభించును. పంచుకొనిన పెట్టె నుండి అతని పేరు తీసివేసినంతమాత్రమున సరిపోదు. అతడు చూచిన పాస్‌వర్డులను మార్చవలెను. పదవీకాలము ముగిసిన సభ్యుని విషయములోను అంతే. ఇందులో అనుమానించుట గాని అవమానించుట గాని లేదు. తరువాత ఏదేని తేడా వచ్చినచో వెడలినవారి మీద నింద పడకుండుటకును ఇదియే రక్ష.

ఇక పెట్టెలో పెట్టి పంచుకొనరానిది ఒకటి కలదు: డిజిటల్ సంతకము. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము చెక్కు అధికారమును సర్పంచికిని ఉపసర్పంచికిని ఉమ్మడిగా ఇచ్చినది. ఒకరి చేయి జారినను రెండవవారు పట్టుకొందురని గదా ఆ ఏర్పాటు! ఇరువురి సంతకపు టోకెనులు, వాటి పిన్ను సంఖ్యలు కంప్యూటరు ఆపరేటరు సొరుగులో ఉన్నచో, కాగితముపై ఇద్దరు, పనిలో ఒక్కరే. 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము డిజిటల్ సంతకమునకు చేతి సంతకముతో సమానమైన విలువ నిచ్చినది. “నేను చేయలేదు, పిల్లవాడు చేసినాడు” అని పిదప చెప్పుకొనుట కష్టము. ఉపసర్పంచులలో ప్రథమముగా ఎన్నికైన సోదరీమణులు పెక్కుమంది ఉన్నారు. వారికి నా మనవి: భర్తకు గాని, కుమారునకు గాని ఆ టోకెనును అప్పగింపవలదు. గ్రామము ఓటువేసినది మీకు.

ఒ.టి.పి. చెప్పుమని ఎవరు ఫోను చేసినను చెప్పరాదు. దానిని ఏ మేనేజరును కాపాడజాలదు. డబ్బు పోయినదని తెలిసిన క్షణమే 1930కు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము ఖాతానుండి ఖాతాకు పోవుచుండును.

భోజనానంతరము ఆ మూల బల్లపైనున్న కంప్యూటరులో ఒక ఖాళీ పెట్టెను తెరచి చూపింతును. కార్యదర్శులు తమ పంచాయతీ ఖాతాల పేర్లు మాత్రము ఒక కాగితముపై వ్రాసికొని రండు. పాస్‌వర్డులు వ్రాయకుడు.