ఏసీ పుల్లీ మోత

బాడుగ కారు మీద బతికే ఇళ్లున్నాయి. ఏసీ దగ్గర గరగర మోత వస్తే "కంప్రెసరు పోయింది, మొత్తం మార్చాలి" అంటారు. వేలల్లో ఖర్చు! తొందరపడి ఒప్పుకోకండి.

కంప్రెసరు ముందు ఒక పుల్లీ ఉంటుంది. బావి గిలక లాంటిదే. ఇంజను తిరిగినంతసేపూ బెల్టు దాన్ని తిప్పుతుంది. ఏసీ ఆపినా అది ఆగదు. అప్పుడూ మోత వస్తుంటే పుల్లీ బేరింగును అనుమానించాలి. ఇంజను ఆపి, బెల్టు తీసి, పుల్లీని చేత్తో తిప్పి చూడమని మెకానిక్కును అడగండి. మొహమాటం ఎందుకు? గరుకుగా తిరిగినా, ఊగినా బేరింగు అరిగినట్టే. చాలా కార్లలో గ్యాసు తీయకుండానే అదొక్కటే మార్చవచ్చు.

చేతిలో డబ్బు లేదా? ఏసీకి విడిగా బెల్టు ఉంటే, అది తీసేసి కారు నడపవచ్చు. చల్లగాలి రాదు, అంతే. అన్నిటికీ ఒకటే బెల్టయితే మాత్రం తీయకూడదు. బ్యాటరీ చార్జింగు ఆగుతుంది. చాలా కార్లలో నీళ్ల పంపూ ఆగి, ఇంజను వేడెక్కి పాడవుతుంది.