కంటిలో దుర్మాంసము – చికిత్సా మార్గములు



పొలములో ఎండకు, గాలికి, దుమ్మునకు ఏండ్ల తరబడి ఓర్చినవారి కన్నులలో, ముక్కువైపు మూల నుండి ఎఱ్ఱని కండపొర యొకటి త్రికోణముగా నల్లగ్రుడ్డు మీదికి ప్రాకుట మీరు చూచియే యుందురు. దీనిని దుర్మాంసమందురు, వైద్యులు టెరీజియమందురు. ఇది క్యాన్సరు కాదు, శుక్లమును కాదు. శుక్లమనగా కంటి లోపలి కటకము మసకబారుట. ఇది కంటి పైపొర పెరుగుట. అయినను కంటిపై పెరిగినదెల్ల ఇదియే యని మనకు మనమే తలపరాదు. ఒకసారి నేత్రవైద్యునికి చూపి నిర్ణయింపజేసికొనవలెను.

చికిత్స అందరికి ఒక్కటి కాదు. కండ చిన్నదై బాధింపనిచో శస్త్రచికిత్స అక్కరలేదు. అది పెరుగుచున్నదా యని వైద్యుడు అప్పుడప్పుడు చూచిన చాలును. కన్ను ఎఱ్ఱబడి, ఇసుక పడినట్లు గరగరలాడుచున్నచో, కన్నీటివలె తడినిచ్చు చుక్కలు ఉపశమనము కలిగించును. వాపు హెచ్చైనపుడు వైద్యుడు కొద్ది దినములకు స్టెరాయిడ్ చుక్కలు వ్రాయవచ్చును. ఆ చీటితోనే అంగడిలో మరల మరల కొని నెలల తరబడి వేసికొనరాదు. అట్లు చేసినచో కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసుల వ్యాధి రావచ్చును. దానివలన పోయిన చూపు తిరిగి రాదు. ఏ చుక్కలును కండను కరగింపజాలవు. ఆకుపసరులు, చనుబాలు కంటిలో పోయనే పోయరాదు. నల్లగ్రుడ్డుకు పుండు పట్టవచ్చును.

కండ కంటిపాపను సమీపించినను, చూపు మసకబారినను, గ్రుడ్డు త్రిప్పుట కష్టమైనను శస్త్రచికిత్సయే మార్గము. పూర్వము కండను కోసి ఆ చోటును అట్లే విడిచెడివారు. అందువలన అది పలువురికి మరల పెరిగెడిది. ఇప్పుడు అదే కంటి పైరెప్ప చాటున నున్న పలుచని పొరను కొంత తీసి, ఆ చోట కుట్టుదురు, లేదా జిగురుతో అతుకుదురు. ఇందువలన మరల పెరుగుట మిక్కిలి తగ్గినది గాని, పూర్తిగా పోలేదు. సాధారణముగా కంటికి మాత్రమే మత్తిచ్చి చేయుదురు. నాడే ఇంటికి పోవచ్చును. పిదప కొన్ని వారములు చుక్కలు వేసికొనుచు, దుమ్ము, మురికినీరు తగులకుండ చూచుకొనవలెను.

కత్తి యనగానే భయపడి, కండ పాపను కప్పువరకు ఆగువారు కలరు. అప్పుడు కండను తీసినను క్రింద మచ్చ మిగిలి, చూపు పూర్తిగా రాకపోవచ్చును. మేము నొక్కి చెప్పునది ఇదియే: చిన్న కండకు తొందర వలదు, పాపను సమీపించిన కండకు ఆలస్యము వలదు.

ఎండలోని అతినీలలోహిత కిరణములే దీనికి ముఖ్య కారణము. కనుక పొలమునకు పోవునపుడు వెడల్పు అంచుగల టోపీని, ఆ కిరణములను ఆపు కళ్లజోడును ధరింపుడు. శస్త్రచికిత్స అయినవారికి ఈ జాగ్రత్త మరింత అవసరము.