మూడాకుల మొక్కను గుర్తుపడదాం

(ధరణికోటలో చదువు నేర్చుకుంటున్న అక్కచెల్లెళ్లకు చెప్పిన మాటలు)



ఈ రోజు ఒక మొక్క గురించి మాట్లాడుకుందాం. మీరంతా చూసిన మొక్కే. చేను గట్టు మీద ఉంటుంది. డొంక పక్కన ఉంటుంది. మిరప చేలో, పత్తి చేలో కలుపుగా వస్తుంది. నేల మీద తీగలా పాకుతుంది. ఒక్కో కాడకు మూడేసి ఆకులు. దాని పేరు పిల్లిపెసర.

మన ధరణికోటను పూర్వం ధాన్యకటకం అనేవారు. శాతవాహన రాజుల కాలంలో పెద్ద పట్టణం. ఆ పేరులోనే ధాన్యం ఉంది. ధాన్యం పండాలంటే నేలకు బలం కావాలి. ఆ బలం ఇచ్చే మొక్కల్లో పిల్లిపెసర ఒకటి. అయితే మూడాకులు ఉన్నదల్లా పిల్లిపెసర కాదు.

మనం అక్షరాలు నేర్చుకున్నాం గదా! ప, ఫ, ష చూడండి. మూడూ ఒకే పోలిక. చిన్న గీతలో తేడా. ఆ గీత చూడకపోతే మాటే మారిపోతుంది. మొక్కలూ అంతే. నాలుగు గుర్తులు చూడాలి. ఆకు, పువ్వు, కాయ, వేరు.

మొదటిది ఆకు. పిల్లిపెసర ఆకు అంచు లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. ఒక్కో ఆకు మళ్లీ మూడు భాగాలుగా కనిపిస్తుంది. పెసర మొక్క ఆకు ఇంతకంటే పెద్దది, నిండుగా ఉంటుంది. పెసర మొక్క నిలబడుతుంది. పిల్లిపెసర పాకుతుంది. పులిచింతకు కూడా మూడాకులే. కానీ దాని ఆకు కొన దగ్గర చీలి ఉంటుంది, తమలపాకును తిరగేసి అతికించినట్టు. పులిచింత ఈ జాతి మొక్క కానే కాదు.

రెండోది పువ్వు. రెండిటికీ పసుపు పూలే. పులిచింత పువ్వుకు అయిదు రేకులూ ఒకేలా ఉంటాయి. పిల్లిపెసర పువ్వు చిక్కుడు పువ్వులా ఉంటుంది. పెద్ద రేకు ఒకటి వెనక నిలబడుతుంది. రెండు రేకులు రెక్కల్లా ఉంటాయి. మిగతా రెండూ కలిసి దోనెలా ముడుచుకుంటాయి. కంది, మినుము, వేరుసెనగ, చిక్కుడు పూలన్నీ ఈ తీరే. అవన్నీ ఒకే కుటుంబం.

మూడోది కాయ. సన్నగా, పొడుగ్గా, పెసరకాయకు చెల్లెలిలా ఉంటుంది. ఎండితే రెండు బద్దలుగా విడిపోతుంది. అయితే ఒక మాట. చిక్కుడు కుటుంబం గదా అని తెలియని గింజ నోట్లో వేసుకోకండి. గురివింద కూడా ఆ కుటుంబమే. దాని గింజ విషం.

నాలుగోది వేరు. మొక్కను లాగితే వేరు తెగుతుంది. కొడవలి మొనతో మట్టి కదిపి తీయండి. వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. గోటితో గీకితే ఊడి వస్తాయి. ఒకటి చిదమండి. లోపల ఎర్రగా ఉంటే అది బాగా పని చేస్తున్నట్టు. బుడిపె ఊడకుండా వేరే ఉబ్బినట్టు ఉంటే అది వేరు తెగులు కావచ్చు.

ఆ బుడిపెల్లో కంటికి కనపడని సూక్ష్మజీవులు ఉంటాయి. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని ఉంది. మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. ఈ జీవులు దాన్ని మొక్కకు పనికొచ్చేలా మారుస్తాయి. 1888లో హాలెండు దేశపు శాస్త్రవేత్త బైజరింక్ ఈ జీవులను బుడిపెల నుంచి వేరు చేసి పెంచాడు. యూరియాలో మనం డబ్బు పెట్టి కొనేది కూడా నత్రజనే!

అందుకే కృష్ణా డెల్టాలో వరి కోతకు కొద్ది రోజుల ముందు చేలో పిల్లిపెసర చల్లుతారు. మిగిలిన తేమతోనే అది పెరుగుతుంది. కొంత పశువులకు మేత. పూత దశలో కలియదున్నితే నేలకు ఎరువు.

మరి మిరప చేలో వస్తే? కలుపే, తీయాల్సిందే. కానీ గట్టున పారేయకండి. గేదెకు వేయండి. పచ్చిది ఒక్కటే ఎక్కువ వేస్తే కడుపు ఉబ్బుతుంది. వరిగడ్డితో కలిపి వేయండి.

అన్నిటికంటే ముఖ్యం ఇది. మందు కొట్టిన చేలో మేత కోయకండి. కూలికి వెళ్లినా సరే, ఏం మందు, ఎప్పుడు కొట్టారు అని అడగండి. డబ్బా చూపించమనండి. దాని మీద నలుపలకల గుర్తు ఉంటుంది. కింది సగం ఎరుపైతే అన్నిటికన్నా ఘాటైన విషం. తరువాత పసుపు, ఆ తరువాత నీలం, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నా మేతకు మంచిదని కాదు. గేదె డబ్బా చదవలేదు. మనం చదవగలం.

వచ్చేసారి ఒక్కొక్కరు ఒక మూడాకుల మొక్కను వేరుతో సహా తీసుకురండి. నాలుగు గుర్తులూ చూద్దాం. పేరు పలకమీద మీరే రాయండి.