ఆడుకునే చోటు, ఆడుకునే పూట

(కంకిపాడులో ఒక డ్రిల్లు మాస్టారి పేరిట ఇచ్చిన స్మారకోపన్యాసం)



మాస్టారి పేరిట మాట్లాడమనగానే ఆయన తయారుచేసిన కబడ్డీ జట్ల గురించి చెబుతానని మీలో చాలామంది అనుకుని ఉంటారు. ఆ జట్లలో చోటు దొరకని పిల్లల గురించి మాట్లాడాలని వచ్చాను. ఏడుగురు కోర్టులో ఉంటే చుట్టూ నిలబడి చూసే వందల మంది ఆ పూట ఎంత కదిలారు? దీని మీద ఇవాళ ప్రపంచమంతటా పీహెచ్‌డీలు జరుగుతున్నాయి.

దీనికి పునాది పెద్దవాళ్ల మీద జరిగిన ఒక అధ్యయనం. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకన్నా, కూర్చుని నడిపే డ్రైవర్లకు గుండెజబ్బులు ఎక్కువని జెరెమీ మోరిస్ బృందం 1953లో చూపించింది. ఆ ఆలోచన పిల్లల దాకా రావడానికి దశాబ్దాలు పట్టింది. 5 నుంచి 17 ఏళ్ల వాళ్లు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఊపిరి వేగం పెరిగేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 నాటి అంచనాల ప్రకారం 11–17 ఏళ్ల వాళ్లలో నూటికి 81 మంది ఆ గంటను అందుకోలేదు. ఆడపిల్లల్లో 85 మంది. మన దేశంలోనూ దాదాపు నలుగురిలో ముగ్గురిది అదే పరిస్థితి.

ఇంతకీ కదలికను కొలిచేదెలా? కాటపల్లి తరుణ్ రెడ్డి కెనడాలోని సస్కచ్వాన్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తూ సస్కటూన్ నగరపు పిల్లల మీద పనిచేశారు. వీధుల అమరిక, ఋతువుల మార్పు వాళ్ల కదలికను ఎలా మారుస్తాయన్నది ఆ పని. అగ్గిపెట్టెంత యాక్సెలరోమీటర్‌ను నడుముకు కట్టి వారం రోజులు ఉంచుతారు. అది ప్రతి కుదుపునూ నమోదు చేస్తుంది. ఒక పిల్లవాడు దాన్ని పద్నాలుగు గంటలు పెట్టుకుంటాడు, ఇంకొకడు పది గంటలకే విప్పేస్తాడు. ఇద్దరి అంకెలనూ పక్కపక్కన పెడితే రెండోవాడికి అన్యాయం. ఆ తేడాను సరిచేసే పద్ధతి మీద తరుణ్ రెడ్డి చాలా శ్రమపడ్డారు. మన దేశంలోని పిల్లల కదలిక మీద 2016లో వచ్చిన తొలి జాతీయ నివేదికకు కూడా ఆయనే నాయకత్వం వహించారు. తగినంత సమాచారం లేక అందులో కొన్ని అంశాలకు గ్రేడే ఇవ్వలేకపోయారు. మన పిల్లలను మనం కొలుచుకోలేదు మరి.

ఆ పరికరాన్ని కృష్ణా డెల్టాకు తెస్తే కొత్త చిక్కులొస్తాయి. చాలా అధ్యయనాల్లో స్నానానికీ ఈతకూ దాన్ని విప్పేయమంటారు. చిన్ననాడే కృష్ణ ఈదిన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ లాంటి పిల్ల ఆ పూట ఏమీ చేయనట్టే లెక్క తేలుతుంది. సైకిల్ తొక్కేటప్పుడు నడుము పెద్దగా ఊగదు కాబట్టి ఆ శ్రమ కూడా తక్కువగానే పడుతుంది. పక్క ఊరి నుంచి హైస్కూలుకు సైకిల్ మీద వచ్చే ఆడపిల్లను బద్ధకస్తురాలని రాసేసే పరిశోధన మనకొద్దు. కాలవ, సైకిలు, ఎండ మూడూ తెలిసినవాళ్లే ఇక్కడి కొలతను సరిచేయగలరు.

ఇక ప్రోత్సాహం సంగతి. బడుల్లో పాఠాలు, పోస్టర్లు, ప్రత్యేక తరగతులతో పిల్లలను కదిలించడానికి చాలా దేశాల్లో ప్రయత్నించారు. యాక్సెలరోమీటర్లతో కొలిచిన 30 ప్రయోగాలను 2012లో ఒక బ్రిటిష్ బృందం కలిపి చూస్తే, పెరిగిన కదలిక రోజుకు సుమారు నాలుగు నిమిషాలు. అంత డబ్బు, అంత శ్రమకు దక్కింది అదీ! నాకు దీనివల్ల నిరాశ కలగలేదు, దారి తెలిసింది. ఆడమని పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కోతికొమ్మచ్చి, ఏడు పెంకులాట, కర్రా బిళ్ళ ఏ సిలబస్‌లో ఉన్నాయి? వాళ్లకు కరువైనవి చోటు, పూట.

చోటు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మెట్ట ప్రాంతంలో పంట తీశాక చేను ఖాళీగా ఉంటుంది, పిల్లలు ఆడుకుంటారు. మన మాగాణిలో వరి కోతకు ముందే చేలో మినుము చల్లేస్తాం. కుప్పలు లేచేసరికి కింద మొలకలుంటాయి. బంగారం పండే నేలలో పిల్లలకు ఖాళీ నేల దొరకదు. బందరు రోడ్డు పక్కన వెంచర్లు వేశాక ఇళ్లు లేచేదాకా ఆ ప్లాట్లలో క్రికెట్ ఆడారు. ఇప్పుడు అవీ పోతున్నాయి. లేఅవుట్‌లో ఖాళీ స్థలం వదలాలన్న నిబంధన ఉంది, బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమూ చెబుతోంది. ఆ స్థలాలు కాగితం మీద ఉన్నాయా, నేల మీద ఉన్నాయా అని నడిచి చూసి మ్యాపు గీస్తే అదే ఒక సిద్ధాంత గ్రంథానికి మొదటి అధ్యాయం.

పూట విషయం మీ అందరికీ తెలిసిందే. సిలబస్ కాలేదంటూ గేమ్స్ పీరియడ్‌ను లెక్కలకు తీసుకుంటారు. ఇంటర్‌కు వచ్చేసరికి తెల్లవారుజామున మొదలైన స్టడీ అవర్ రాత్రి దాకా సాగుతుంది. ఆడపిల్లకైతే అంతకు ముందే, ఏడో ఎనిమిదో తరగతిలోనే, మైదానం దూరమవుతుంది. పెద్దదానివయ్యావు, ఇక ఆటలేమిటని అమ్మే అంటుంది. ఆ తల్లికీ చిన్నప్పుడు అదే జరిగింది. ఈ ఒక్క మాట మీద మన ఊళ్లలో తల్లులతో కూర్చుని మాట్లాడి రాసిన పరిశోధన వస్తే, అంకెల పట్టికలకన్నా దాన్నే ముందు చదువుతాను.

కృష్ణా విశ్వవిద్యాలయం నుంచి, నాగార్జున నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థులు ఇక్కడున్నారు. అమ్మా, బాబూ, విదేశీ ప్రశ్నావళిని తెలుగు చేసి పంచడంతో సరిపెట్టుకోకండి. ఈ మండలంలో ఒక హైస్కూలు మైదానాన్ని బడి వదిలాక ఆరున్నర దాకా ఊరి పిల్లలకు తెరిచి ఉంచుదాం. అందులో వారానికి రెండు సాయంత్రాలు ఆడపిల్లలకే. ఉయ్యూరు మండలంలో అలాంటి మార్పు లేని బడిని పోలికకు తీసుకోండి. తెరవక ముందు, తెరిచిన ఆరు నెలలకు, మళ్లీ ఏడాదికి రెండు చోట్లా కొలవండి. ఎండాకాలాన్నీ వానాకాలాన్నీ విడివిడిగా చూడండి. ఫలితం లేకపోతే అదీ దాచకుండా రాయండి.

పంచాయతీ పెద్దలు, పీఈటీలు ముందు వరసలోనే కూర్చున్నారు. సాయంత్రం గేటు తాళం ఎవరి దగ్గర ఉండాలో, పిల్లలకు దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిదో ఈ సభ అయ్యాక మనం కూర్చుని తేల్చుకుంటే, జూన్‌లో బడి తెరిచేసరికి పని మొదలుపెట్టవచ్చు.