రచ్చబండ: ఒక మాట పుట్టుక
(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



‘ఏదైనా మాట్లాడు, పది నిమిషాలు దాటొద్దు’ అన్నారు నిర్వాహకులు. తెలుగు మాస్టారి శిష్యుణ్ణి కాబట్టి ఒక్క మాట గురించే చెబుతాను. ఆ మాట రచ్చ.

శివరాత్రికి మల్లన్న రథం గంగాధర మండపం దగ్గర బయలుదేరి నంది మండపం దాకా పోయి రావడం మనమంతా చూసినవాళ్లమే. రథం పోయే దారిని సంస్కృతంలో ‘రథ్య’ అంటారు. ప్రాకృతంలో అది ‘రచ్ఛా’ అయింది, సత్యం ‘సచ్చ’ అయినట్టే. తెలుగులోకి వచ్చేసరికి ‘రచ్చ’. అంటే మొదట వీధి. ఆ తర్వాత వీధిలో జనం కూడే చోటు. అక్కడ చెట్టు కింద పరిచిన రాయి రచ్చబండ, చుట్టూ కడితే రచ్చకట్ట. లాటిన్ నుంచి వచ్చిన ‘ఫోరం’ అన్న మాటలోనూ ఇంటి బయటి చోటు అన్న భావమే ఉందట. రోమువాళ్లకూ మనకూ మాటలు వేరైనా మాట్లాడుకోవడానికి గడప దాటాల్సిందే.

‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అన్నప్పుడు రచ్చ గౌరవమైన చోటు. ‘రచ్చకెక్కారు’ అనేసరికి పరువు పోయింది. ఇప్పుడు మా మనవడు ‘రచ్చ రచ్చ చేశాం తాతా’ అంటాడు. వాడి లెక్కలో రచ్చ అంటే గోల. వాణ్ణి తప్పు పట్టను, రచ్చలో గోల ఎప్పుడు లేదు గనక!

ప్రభుత్వం కూడా ఈ మాటను వాడుకుంది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి రచ్చబండ కార్యక్రమానికని చిత్తూరు జిల్లాకు బయలుదేరారు. ఆ హెలికాప్టర్ మన నల్లమలలోనే, పావురాలగుట్ట దగ్గర కూలిపోయింది. ఆ రెండు రోజులూ ఈ కాలనీలో ఎవరింటా పొయ్యి సరిగా వెలగలేదు.

ఇక మా ఊరి రచ్చ. 1981లో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిన ఊళ్లలో మాదొకటి. అలా వచ్చి ఈ బడిలో చేరినవాణ్ణి. మా ఊరి నడుమ వేపచెట్టు, దాని కింద పొడుగాటి నల్లబండ. నాయన సాయంత్రమైతే అక్కడే. వీధి అందరిదీ అని మాట చెబుతుంది గానీ బండ అందరిదీ కాదు. ఆడవాళ్లు దాని ముందు నుంచి పోవాల్సొస్తే చెప్పులు చేతబట్టుకొని, కొంగు సర్దుకొని పోయేవాళ్లు. మాలవాడ, మాదిగవాడ పెద్దలు పిలిస్తే వచ్చి కింద నిలబడేవాళ్లు.

పరిహారం జాబితా చదివిందీ ఆ బండ మీదే. మా అమ్మ పుట్టింటివాళ్లిచ్చిన ఎకరా అందులో లేదు. అమ్మ గోడ చాటు నుంచి ‘నా చేను యాడబోయె?’ అని అడిగింది. చదివే ఆయన తల ఎత్తలేదు. నాయన కూడా ‘ఇంటికి పో’ అన్నాడు. ఆ ఎకరాకు డబ్బు రాలేదు. అమ్మ ఆ సంగతి నాయనతో మళ్లీ ఎత్తలేదు, అదే ఆయన్ను చివరిదాకా బాధపెట్టింది.

సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడే నెలల్లో మా ఊరి మొండిగోడలు కూడా తేలతాయి. నాయన పోయిన మరుసటి ఎండాకాలం అమ్మను తీసుకుపోయాను. వేపచెట్టు మోడు కూడా లేదు. బండ మాత్రం ఒండ్రులో సగం కూరుకొని అక్కడే ఉంది. అమ్మ చెప్పులతోనే దగ్గరికి పోయి, కొంగుతో దుమ్ము దులిపి కూర్చుంది. వెంటనే లేచింది.

‘కాలుతాందిరా. దీనికేనా మీ నాయన అంత ఎగబడేది?’ అంది.

నేను నా తువ్వాలు తడిపి మడతేసి పరిచాను. మళ్లీ కూర్చుంది. వక్కాకు నమిలినంతసేపూ తన చేను ఎటువైపు ఉండేదో చూపిస్తూ, హద్దులు చెప్పింది.